పారా కమాండో అవ్వాలంటే ఇప్పటి నుంచే బరువు మోస్తూ పరుగెత్తాలా?

బొబ్బిలి_రన్నర్:

అందరికీ నమస్తే. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. వయసు 19, ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎత్తు 169. ఆర్మీలోకి వెళ్లాలని చిన్నప్పటి నుంచి ఉంది, అందులోనూ పారా ఎస్ఎఫ్‌కే (పారా స్పెషల్ ఫోర్సెస్) వెళ్లాలని ఉంది.

ఇప్పుడు నా టైమింగ్స్: 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 50 సెకన్లు. బీమ్‌లు (పుల్‌అప్స్) ఏడు వస్తాయి, ఎనిమిదోది సగంలో ఆగిపోతుంది. వీడియోలు చూసి బ్యాగులో ఇసుక మూటలు పెట్టుకుని, సుమారు 20 కిలోలతో తెల్లవారుజామున తారు రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. ఈమధ్య మోకాలి కింద ముందెముక పొడుగునా నొప్పి. పరుగు మొదలుపెట్టగానే ఎక్కువగా ఉంటుంది, కాస్త వేడెక్కాక తగ్గుతుంది, రాత్రి పడుకున్నాక మళ్లీ లాగుతుంది.

దగ్గర్లో ఒక అకాడమీ వాళ్లు 'కమాండో స్పెషల్ బ్యాచ్' అని హాస్టల్‌తో కలిపి 90 వేలు అడుగుతున్నారు. నాన్న కౌలు రైతు. అడిగితే తెస్తాడు, కానీ వడ్డీకే తేవాలి.

నా డౌట్లు ఇవి. పారాకి డైరెక్ట్‌గా అప్లై చేయొచ్చా? బరువుతో పరుగు ఆపాలా, ఓర్చుకుని కొనసాగించాలా? ఆ అకాడమీలో చేరాలా? నేవీ కమాండోల (మార్కోస్) బేస్ మాకు దగ్గరే, భీమిలిలో ఉందంటారు. అది కొంచెం తేలికా?

గ్రౌండ్_బాయ్:

ఆపకు బ్రో. నొప్పి వస్తోందంటే బాడీ తయారవుతోందని అర్థం. మా బ్యాచ్ మొత్తం ఇటుకల బ్యాగుతోనే కొట్టాం. ర్యాలీకి ముందు రోజు ఒక ఇంజెక్షన్ ఉంది, వేయించుకుంటే కాలు నొప్పే తెలీదు. పేరు పర్సనల్‌గా పెడతా.

పాత_పిట్టు:

ఇంజెక్షన్ పేరు ఎవరికీ పెట్టకు బాబూ. ఉత్ప్రేరకాలు వాడినట్టు తేలితే తీసేస్తామని ర్యాలీ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. అదలా ఉంచితే, నొప్పి తెలియకుండా పరుగెత్తితే విరిగే ఎముక కూడా తెలియకుండానే విరుగుతుంది.

బొబ్బిలి అబ్బాయ్, నేను పారాచూట్ రెజిమెంట్‌లో చేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాది మిలిటరీ మాధవరం దగ్గర ఊరు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటూ, పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చే పిల్లలకి స్టాప్‌వాచ్ పడుతుంటాను. ఫీజు లేదు, టీ ఇప్పిస్తే తాగుతాను. యూనిట్ లోపలి సంగతులు రాయను, అడగొద్దు. మిగతావి చెబుతా.

ముందు కాలు. బ్యాగు ఈరోజే దించెయ్. తారు రోడ్డు మీద బరువుతో పరుగెత్తితే ఆ దెబ్బంతా ముందెముకకే తగులుతుంది. వేలితో ఎముక వెంట నొక్కుకుంటూ రా. నొప్పి పొడుగునా పరుచుకున్నట్టు ఉంటే అది అలుపు నొప్పి, కొన్ని వారాలు తగ్గించి చేస్తే పోతుంది. ఒకేచోట, రూపాయి బిళ్లంత జాగాలో, నొక్కగానే ప్రాణం లేచిపోయేలా ఉంటే అది సన్నటి పగులు కావచ్చు. అలాంటప్పుడు ఎముకల డాక్టరుకు చూపించాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. 'ఎక్స్‌రే బాగానే ఉంది' అనగానే మర్నాడే గ్రౌండ్‌కి పరుగెత్తకు. నొప్పి తగ్గేదాకా ఈత కొట్టు, సైకిల్ తొక్కు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మట్టి గ్రౌండ్ మీదే. మెట్టు అంచున ముందు పాదం మీద నిలబడి మడమలు పైకీ కిందికీ చెయ్యి, రోజూ. ఇది చూడ్డానికి కసరత్తులా అనిపించదు, అందుకే ఎవరూ చెయ్యరు.

ఇక దారి. 'పారా కమాండో' పోస్టుకి బయటి నుంచి దరఖాస్తు ఉండదు. నీ వయసుకి, నీ చదువుకి దారి అగ్నివీర్ జీడీ, అంటే జనరల్ డ్యూటీ. ముందు ఆన్‌లైన్ పరీక్ష, సీఈఈ. అందులో గట్టెక్కితే ర్యాలీ, ఆ తర్వాత మెడికల్, మెరిట్. విజయనగరం వాళ్లకి విశాఖ ఏఆర్ఓ, అంటే ఆర్మీ భర్తీ ఆఫీసు. ఎంపికయ్యాక ఏ రెజిమెంట్ సెంటర్‌కి పంపుతారనేది నీ చేతిలో ఉండదు. కొందరికి నేరుగా పారాచూట్ రెజిమెంట్ సెంటరే వస్తుంది, అది బెంగళూరులో ఉంది. మిగతావాళ్లు వేరే రెజిమెంట్‌లో, ఆర్టిలరీలో, సిగ్నల్స్‌లో చేరి, అక్కడ పని నేర్చుకుని, తర్వాత వాలంటీరుగా పేరిస్తారు. బలవంతంగా ఎవరినీ పారాలోకి తీసుకోరు. వచ్చేవాళ్లంతా అడిగి వచ్చేవాళ్లే.

మనవాళ్లలో ఈ దారిన వెళ్లినవాళ్లు ఉన్నారు. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడ నుంచి వెళ్లిన లాన్స్ నాయక్ సాయితేజ సిపాయిగా చేరి, తర్వాత కమాండో అయి, 11 పారా ఎస్ఎఫ్‌లో చేశాడు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ గారితో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. నోటిఫికేషన్‌లో 'కమాండో' అన్న మాట కనిపించలేదని నీరుగారిపోయే పిల్లలకి నేను ఆ అబ్బాయి గురించే చెబుతాను.

వాలంటీరు ఇచ్చాక ప్రొబేషన్, అంటే పనికొస్తావో లేదో చూసే పరీక్షా కాలం. ఆఫీసరైనా జవానైనా అదే ప్రొబేషన్. విమానం నుంచి దూకే మామూలు పారా బెటాలియన్లు వేరు, ఎస్ఎఫ్ బెటాలియన్లు వేరు. ఎస్ఎఫ్ ప్రొబేషన్ ఇంకా కఠినం. దాటలేకపోతే వచ్చిన యూనిట్‌కి తిరిగి పంపేస్తారు, ఉద్యోగం ఎక్కడికీ పోదు. దాటితే మెరూన్ టోపీ. 'బలిదాన్' బ్యాడ్జి మాత్రం ఎస్ఎఫ్ వాళ్లకే. దూకడం నేర్పేది ఆగ్రాలోని పారాట్రూపర్స్ స్కూల్లో. ఐదు జంపులు పూర్తి చేస్తే రెక్కల బ్యాడ్జి ఇస్తారు, ఆ ఐదింటిలో ఒకటి రాత్రి పూట. (ధోనీ కూడా 2015లో ఆగ్రాలోనే దూకాడు. గ్రౌండ్‌కి వచ్చే పిల్లల్లో సగంమంది మొదటి ప్రశ్న అదే, అందుకని ముందే చెప్పేశా.)

ఇప్పుడు నీ అంకెలు చూద్దాం. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5:30 లోపు వస్తే మొదటి గ్రూపు, 60 మార్కులు. 5:45 లోపు అయితే రెండో గ్రూపు, 48. ఆ తర్వాత వచ్చేవాళ్లకి కూడా ఈమధ్య గ్రూపులు పెట్టారు, మార్కులు తక్కువ. బీమ్‌లు పది తీస్తే 40 మార్కులు, ఏడుకి 21. ఏడు దగ్గర ఆగితే సగం మార్కులు గాలికి పోయినట్టే. తొమ్మిది అడుగుల గుంట దూకడం, జిగ్‌జాగ్ దుంగ మీద నడవడం పాసైతే చాలు, వాటికి మార్కులుండవు. మా దగ్గర ఒక కుర్రాడు వాటి మీదే గంటలు గడిపేవాడు. వారానికి ఒకసారి చాలు.

400 మీటర్ల ట్రాక్ అయితే నాలుగు రౌండ్లు. 5:30 అంటే రౌండుకి ఎనభై రెండున్నర సెకన్లు. నీ 5:50 అంటే ఎనభై ఏడున్నర. తేడా రౌండుకి ఐదు సెకన్లే. ఇది పిక్కల బలంతో వచ్చేది కాదు, ఆ వేగం ఒంటికి అలవాటు కావాలి. కాలు నయమయ్యాక వారంలో రెండు రోజులు 400 మీటర్లు 80 సెకన్లలో కొట్టు, రెండు నిమిషాలు నడువు, మళ్లీ కొట్టు. ఐదుతో మొదలుపెట్టి మెల్లగా ఎనిమిదికి తీసుకెళ్లు. ఇంకో రెండు రోజులు పక్కవాడితో మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా ఐదారు కిలోమీటర్లు. మన పిల్లలకి ఈ నెమ్మది పరుగు నామోషీ. రోజూ రేసే కావాలి. అందుకే మూడు నెలలైనా టైమింగ్ అక్కడే ఉంటుంది.

ఇంకోటి, ర్యాలీ పరుగు నువ్వు ఒంటరిగా కొట్టే పరుగులా ఉండదు. తెల్లారకముందే లైన్లో నిలబెడతారు, ఒక్కో బ్యాచ్‌లో బోలెడంతమంది. విజిల్ పడగానే వంద మీటర్ల పరుగులా ఎగబడతారు, మోచేతులు తగులుతాయి, ముందువాడు పడితే మీద పడతారు. మొదటి రౌండు 70లో కొట్టినవాడు మూడో రౌండులో నడుస్తాడు. బయటి వైపు నిలబడు, మొదటి మలుపు దాటేదాకా గుంపులో ఇరుక్కోకు, రెండో రౌండు నుంచి ఒక్కొక్కరినీ దాటు. కనీసం పదిమంది పిల్లల్ని పోగేసి ఇలా పరుగెత్తడం ప్రాక్టీస్ చెయ్యి.

బీమ్‌లకి ఒకటే కిటుకు. పైకి ఎంత బలంగా వెళ్తావో కిందికి అంత నెమ్మదిగా దిగు. ఊగితే లెక్కపెట్టరు, చేతులు పూర్తిగా చాచకపోతే లెక్కపెట్టరు. ఇంటి ముందు వేపచెట్టు కొమ్మో, దూలమో ఉంటుంది కదా, అటూ ఇటూ వెళ్లినప్పుడల్లా నాలుగు తీసి వెళ్లు. ఒకేసారి చచ్చేదాకా తియ్యక్కర్లేదు.

మెడికల్ గురించి ఎవరూ చెప్పరు. చెవిలో గులిమితో వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లని చూశాను. డాక్టరు దగ్గర ముందే చెవులు శుభ్రం చేయించుకో, పుల్ల పెట్టి తిప్పకు. చదునైన పాదాలు, మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, ఉబ్బిన నరాలు, రంగులు గుర్తుపట్టలేకపోవడం, ఇవన్నీ చూస్తారు. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండి, గాలి పీలిస్తే ఇంకో ఐదు పెరగాలి. ఎత్తు మనవైపు వాళ్లకి 166, నీకు ఇబ్బంది లేదు. పచ్చబొట్టు వేయించుకునే ఆలోచన ఉంటే మానుకో. డబ్బు పెట్టాలనుంటే ముందు ఒకసారి మంచి డాక్టరుకి వీటన్నిటి కోసం చూపించుకో, ఆ ఖర్చు దండగ కాదు.

90 వేల గురించి. 'కమాండో స్పెషల్ బ్యాచ్' పేరుతో వాళ్లు ఏం నేర్పుతారో నాకు అర్థం కాదు. బురదలో పాకిస్తారు, టైర్లు లాగిస్తారు, వీడియో తీస్తారు. ర్యాలీలో టైరు లాగమని ఎవరూ అడగరు. సీఈఈకి లెక్కలు, రీజనింగ్, జీకే, సైన్స్ పుస్తకాలు కొనుక్కో. ఎంపీసీ చదివినవాడివి, లెక్కలకి కోచింగ్ అక్కర్లేదు. మీ నాన్నని వడ్డీలోకి దించకు.

బొబ్బిలి_రన్నర్:

చాలా థాంక్స్ సార్. నొక్కి చూశాను, పొడుగునా ఉంది, ఒకచోట అని లేదు. అయినా డాక్టరుకి చూపిస్తాను. బ్యాగు దించేశాను. అయితే బరువు ఎప్పుడు మొదలుపెట్టాలి? ప్రొబేషన్‌లో బరువుతోనే కదా అంతా. అప్పుడు అలవాటు లేకపోతే టెన్షన్ కదా. అగ్నివీర్ అంటే నాలుగేళ్లే కదా, అది కూడా ఆలోచిస్తున్నా. మార్కోస్ గురించి ఎవరైనా చెప్పండి.

భీమిలి_సెయిలర్:

నేవీలో చేసి వచ్చాను, మార్కోస్ కాదు. వాళ్ల పక్కన ఓడల్లో పనిచేశాను కాబట్టి రెండు ముక్కలు.

మార్కోస్ 1987లో మొదలైంది. భీమిలిలో ఉన్నది ఐఎన్ఎస్ కర్ణ, 2016లో కమిషన్ చేశారు. బేస్ మీ ఊరికి దగ్గరైనంత మాత్రాన దారి దగ్గరవదు తమ్ముడూ. ముందు నేవీలో సెయిలర్‌గా చేరి ఒడిశాలోని చిలికాలో ట్రైనింగ్ చెయ్యాలి. మీకు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్నాయి కాబట్టి ఎస్ఎస్ఆర్ అనే సెయిలర్ ఎంట్రీకి పెట్టుకోవచ్చు. చేరేటప్పటి ఫిజికల్ ఆర్మీ కంటే తేలికే: 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాల్లో, గుంజీళ్లు, పుషప్స్, సిటప్స్. దాన్ని చూసి మార్కోస్ తేలిక అనుకుంటారు. చేరాక వాలంటీరు ఇస్తే మొదట మూడు రోజుల ఫిజికల్, ఆప్టిట్యూడ్ టెస్టు. వచ్చినవాళ్లలో చాలామంది అక్కడే వెనుదిరుగుతారు. ఆ తర్వాత నిద్ర లేకుండా చేసే వారాలు వేరే ఉన్నాయి.

తేల్చేది నీళ్లే. మన పిల్లలు బావిలో, చెరువులో ఈత నేర్చుకుంటారు, తల పైకెత్తి చేతులు బాదుతారు. పది నిమిషాలకి మెడ పట్టేస్తుంది. ముఖం నీళ్లలో ముంచి, నీటి లోపలే గాలి వదిలి, పక్కకి తిరిగి పీల్చుకోవడం నేర్చుకోండి. బట్టలతో ఈదడం, కదలకుండా తేలడం కూడా. ఒక్క హెచ్చరిక: నీటి అడుగున ఊపిరి బిగబట్టే ప్రాక్టీసు ఒంటరిగా అస్సలు చెయ్యొద్దు. ఎంత ఈత వచ్చినవాడైనా ఏ ముందస్తు గుర్తూ లేకుండా స్పృహ తప్పుతాడు. గట్టున ఎవరో ఒకరు మిమ్మల్నే చూస్తూ ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు.

శిరీష_ఎన్‌సీసీ:

సార్, నాది కాకినాడ, డిగ్రీ సెకండియర్, ఎన్‌సీసీలో ఉన్నాను. అమ్మాయిలకి ఇందులో ఏదైనా దారి ఉందా? అందరూ 'నీకెందుకమ్మా' అంటున్నారు.

పాత_పిట్టు:

శిరీషమ్మా, ఆర్మీలో అగ్నివీర్‌గా అమ్మాయిల్ని తీసుకునేది మిలిటరీ పోలీస్‌లోకి. 1.6 కిలోమీటర్లు ఏడున్నర నిమిషాల్లో వస్తే మొదటి గ్రూపు, లాంగ్ జంప్ పది అడుగులు, హైజంప్ మూడు అడుగులు. పారా ఎస్ఎఫ్‌కి ఆ దారి నుంచి తలుపు లేదు. నేవీ మాత్రం అమ్మాయిలు అర్హత ఉంటే మార్కోస్‌కి వాలంటీరు ఇవ్వొచ్చని 2022 డిసెంబరులో నిర్ణయించింది. కాబట్టి నీకు నేను నేవీయే చెబుతాను, భీమిలి సెయిలర్ గారు ఈత గురించి రాసింది రెండుసార్లు చదువు. డిగ్రీ అయ్యాక ఆఫీసరు దారి కూడా ఉంది. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ దాకా వెళ్లు, మధ్యలో వదిలెయ్యకు. 'నీకెందుకమ్మా' అన్నవాళ్లకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు, నువ్వూ పెట్టుకోకు.

బొబ్బిలి అబ్బాయ్, బరువు గురించి. కోడెదూడని కాడికి కట్టిన మొదటి రోజే ఎవరూ బండెడు ధాన్యం ఎత్తరు. ర్యాలీ అయ్యేదాకా నీకు బరువుతో పనిలేదు. సెంటర్‌లో చేరాక వాళ్లే పిట్టూ (వీపు బ్యాగు) ఎత్తిస్తారు, రైఫిల్ పట్టిస్తారు, నెమ్మదిగా దూరం పెంచుతారు. ట్రైనింగ్ పొడుగునా, ఆ తర్వాత యూనిట్‌లో కూడా బీపీఈటీ అని ఒక టెస్టు ఉంటుంది. ఆయుధం, బరువుతో 5 కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, గుంట దూకడం. ముప్పై ఏళ్ల లోపు వాళ్లు ఆ ఐదు కిలోమీటర్లు 25 నిమిషాల్లో కొడితే 'ఎక్సలెంట్'. వాలంటీరు ఇవ్వాలనుకునేవాడికి అది నిద్రలో లేపినా రావాలి. ఎందుకంటే ప్రొబేషన్‌లో 10, 20, 30, 40 కిలోమీటర్లంటూ బరువుతో దూరం పెరుగుతూనే ఉంటుంది.

అక్కడ వెనక్కి వెళ్లేవాళ్లలో బలం లేనివాళ్లు తక్కువ. నేను ఎక్కువ చూసింది పాదాలు పాడైనవాళ్లని. సాక్స్ తడిసి, మడమ మీద పొక్కు లేచి, అది పగిలి, చీము పట్టి, కుంటుతూ నడిచి, ఆ కుంటడంతో రెండో కాలి మోకాలు పట్టేసి. ఇదంతా మూడు రోజుల్లో అయిపోతుంది. గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించుకోవడం, ఆగిన ప్రతిచోటా బూటు విప్పి సాక్స్ మార్చుకోవడం, తడి సాక్స్ చొక్కా లోపల పెట్టి ఒంటి వేడికి ఆరబెట్టుకోవడం, బూటులో చిన్న ఇసుక రవ్వ తగిలినా ఆగి తీసెయ్యడం. పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. కొత్త బూట్లతో మాత్రం దూరం నడవకు, ముందు వారం పది రోజులు వాటితోనే తిరుగు.

రెండోది నిద్ర. నిద్ర లేనప్పుడు ఒంటి కంటే ముందు బుర్ర పనిచెయ్యడం మానేస్తుంది. ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చేవాడు) ఒక కొండ చూపించి, దారిలో చూసినవన్నీ గుర్తుపెట్టుకోమంటాడు, గంటల తర్వాత అడుగుతాడు. రాత్రంతా నడిచాక మ్యాపు మీద నువ్వెక్కడున్నావో చూపించమంటాడు. దీనికి ఇంట్లో నిద్ర మానేసి ప్రాక్టీస్ చెయ్యకు, అది పిచ్చిపని. ఇప్పుడు రోజుకి ఎనిమిది గంటలు పడుకో, ఎముక అతుక్కునేది అప్పుడే. కావాలంటే మ్యాపు చదవడం నేర్చుకో, దిక్సూచి పట్టుకో, మీ ఊరి చుట్టూ పొలాల్లో దారి తప్పి మళ్లీ దారి పట్టు.

మూడోది హిందీ. మన పిల్లలు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. సెంటర్‌లో ఆర్డర్లన్నీ హిందీలోనే. ఉస్తాద్ చెప్పింది అర్థం కాక పక్కవాడు చేసేది చూసి చేస్తే అర సెకను ఆలస్యం, ఆ అర సెకనుకి రగడా (శిక్ష). రోజూ అరగంట హిందీ వార్తలు విను, పైకి మాట్లాడు, తప్పులైనా పర్లేదు.

తిండి సంగతి నువ్వు అడగలేదు గానీ చెబుతున్నా, డబ్బాల పొడి కొనకు. చోడి (రాగి) అంబలి, గుడ్లు, పప్పు, నానబెట్టిన వేరుశనగలు, దొరికినప్పుడు చేపలు, చాలు. ఎండాకాలం ఏడు దాటాక పరుగు వద్దు.

నాలుగేళ్ల మాట. అవును, బ్యాచ్‌లో పాతిక శాతం మంది వరకే ఆ తర్వాత పర్మనెంట్‌గా ఉంచుకుంటారు. మొదటి ఏడాది నెలకి 30 వేలు, అందులో కోతపోను చేతికి 21 వేలు, బయటికొచ్చేటప్పుడు సేవానిధి అని ఒకేసారి ఇచ్చేది సుమారు పదకొండు లక్షల డెబ్బై వేలు. ఇది సరిపోతుందా లేదా అన్నది మీ ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవాల్సిన విషయం, నేను చెప్పేది కాదు. మీ నాన్న దగ్గర కమాండో మాట పక్కనపెట్టి ఈ అంకెలు పెట్టు.

కాలు తగ్గాక మొదటి నెల టైమింగ్ ఇక్కడ రాయి. నాలుగు రౌండ్లూ విడివిడిగా రాయి, మొత్తం ఒక్కటే రాస్తే నాకు ఏమీ తెలియదు.